స్కేటింగ్ సినిమాలు – చిత్రీకరణ స్థలాలు

రోలర్ స్కేటింగ్‌ను కథావస్తువుగా తీసుకున్న సినిమాలు ప్రపంచంలో తక్కువే. అవి తయారైన చోట్లు మాత్రం లాస్ ఏంజెలస్ స్టూడియోల నుంచి మ్యూనిక్ ఒలింపిక్ హాలు వరకు, ముంబయిలో కార్లు నిలిపే స్థలం నుంచి రాజస్థాన్‌లోని ఒక పల్లె వరకు విస్తరించాయి. ఇతర కథల్లో వెనక గోడ మార్చి, వెలుగు మార్చి ఒక ఊరిని మరో ఊరుగా చూపించవచ్చు. చక్రాల మీద సాగే కథకు ఆ వెసులుబాటు తక్కువ. నటుడి కాలి కింద నేల నున్నగా, గట్టిగా, విశాలంగా ఉండి తీరాలి. అందుకే ఈ సినిమాల్లో లొకేషన్ వెతకడమంటే నేలను వెతకడమే. ఆ నేలల్లో చాలావాటిని ఆ తరువాత కూల్చేశారు, లేదా మూసేశారు, కొన్ని కాలిపోయాయి. ఒక చోట మాత్రం సినిమా కోసం వేసిన నేల అక్కడి పిల్లలకే మిగిలింది. ఈ వ్యాసం ఆ స్థలాలను కాలక్రమంలో పరిచయం చేస్తుంది.

చక్రం, నేల

చక్రాల బూట్లు 18వ శతాబ్దంలోనే ఉన్నాయి. బెల్జియంలో పుట్టి లండన్‌లో స్థిరపడిన జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్ర నిర్మాత వాటిని వేసుకుని, వయొలిన్ వాయిస్తూ ఒక విందులోకి దూసుకెళ్ళి, ఆగలేక పెద్ద నిలువుటద్దాన్ని గుద్దుకున్నాడని చెబుతారు. ఆ బూట్లు తిన్నగా పోవడానికే తప్ప మలుపు తిరగడానికి పనికిరావు. 1863లో అమెరికాకు చెందిన జేమ్స్ ప్లింప్టన్ ముందు రెండు, వెనక రెండు చక్రాలు పెట్టి, వాటికీ బూటుకూ మధ్య రబ్బరు దిండు అమర్చాడు. ఒంటిని ఒక పక్కకు వంచితే స్కేటు ఆ పక్కకే తిరిగింది. స్కేటింగ్ నాట్యంగా, ఆటగా, పందెంగా మారింది ఆ మార్పుతోనే.

నేల సంగతి అంతటితో తేలలేదు. పాతకాలపు చక్రాలు కర్రవి, లోహానివి, మట్టి కలిపిన మిశ్రమానివి. చిన్న రాయి అడ్డం పడినా చక్రం బిగుసుకుపోయి మనిషి ముందుకు తూలేవాడు. అందువల్ల స్కేటింగ్ దాదాపు వంద ఏళ్ళు ఎక్కువగా హాళ్ళలోనే సాగింది. మేపుల్ చెక్క పరిచిన రింకులు, అంటే స్కేటింగ్ హాళ్ళు, అమెరికా, యూరప్ పట్టణాల్లో వెలిశాయి. 1970 దశకంలో పాలీయూరిథేన్ చక్రం వచ్చింది. అది మెత్తగా ఉండి నేలను పట్టుకుంటుంది, చిన్న గరుకును తట్టుకుంటుంది. దాంతో స్కేటర్లు హాలు దాటి ఫుట్‌పాత్ మీదికీ, సముద్రతీరంలోని సిమెంటు బాటల మీదికీ వచ్చారు. 1979 నుంచి వచ్చిన స్కేటింగ్ సినిమాల్లో కెమెరా ఆరుబయటికి రావడానికి అసలు కారణం ఈ చక్రమే. ఒకే వరుసలో చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్లు 1980 దశకంలో ప్రాచుర్యంలోకి వచ్చాక వేగం మరింత పెరిగింది.

చిత్రీకరణలోనూ నేల ప్రభావం కనిపిస్తుంది. స్కేటర్‌తో సమానంగా కదలాలంటే కెమెరా మనిషి కూడా స్కేట్లు కట్టుకోవాలి, లేదా చక్రాల బండి మీద కూర్చోవాలి. చక్రాన్ని దగ్గరగా చూపించే షాట్‌కు కెమెరాను నేలకు బెత్తెడు ఎత్తులో పెడతారు. ఆ ఎత్తులో నేల మీది ప్రతి పగులూ, ప్రతి ఇసుక రేణువూ తెర మీద కనబడుతుంది. షాట్‌కు ముందు నేలను ఊడ్చి తుడవడం ఇక్కడ భద్రతకు సంబంధించిన పని.

స్టూడియోల కాలం

స్కేటింగ్‌ను తెర మీద కళగా నిలబెట్టిన తొలివారిలో చార్లీ చాప్లిన్ ముఖ్యుడు. 1916 డిసెంబరులో విడుదలైన 'ద రింక్'లో అతను హోటల్ సర్వర్. మధ్యాహ్నం విరామంలో స్కేటింగ్ రింకుకు వెళ్ళి, తనకు రెట్టింపున్న ఎరిక్ క్యాంప్‌బెల్‌ను చక్రాల మీదే ముప్పుతిప్పలు పెడతాడు. ఈ రెండు రీళ్ళ చిత్రం లాస్ ఏంజెలస్‌లోని లోన్ స్టార్ స్టూడియోలో తయారైంది.

ఇరవై ఏళ్ళ తరువాత 'మోడరన్ టైమ్స్' (1936) వచ్చింది. రాత్రివేళ డిపార్ట్‌మెంట్ స్టోరులో కాపలా ఉద్యోగం దొరికిన కథానాయకుడు, బొమ్మల విభాగంలో స్కేట్లు కట్టుకుని, కళ్ళకు గంతలు కట్టుకుని వెనక్కీ ముందుకీ తేలిపోతాడు. పక్కనే పిట్టగోడ లేని అంతస్తు అంచు, కింద పాతాళంలా లోతు. ప్రతిసారీ చక్రం అంచుకు వేలెడు దూరంలో తిరిగి వెనక్కి వస్తుంది. నిజానికి ఆ లోతు లేదు. కెమెరాకు ముందు పెట్టిన గాజు పలక మీద కింది అంతస్తుల బొమ్మను వేసి, నిజమైన నేల గీతతో సరిగ్గా కలిపారు. చాప్లిన్ తిరిగింది గట్టి నేల మీదే. స్కేటింగ్ నైపుణ్యం మాత్రం పూర్తిగా అతనిదే. ఈ చిత్రం తయారైన, లా బ్రియా వీధిలో ఆయన కట్టుకున్న సొంత స్టూడియో తరువాత ఏ అండ్ ఎం రికార్డ్స్‌కూ, 2000లో బొమ్మలాటల జిమ్ హెన్సన్ కంపెనీకీ చేరింది. ఇంగ్లిష్ పల్లె ఇళ్ళను తలపించే దాని ముఖభాగం ఇప్పటికీ ఉంది.

సంగీత చిత్రాలు కూడా స్కేటింగ్‌ను స్టూడియో గోడల మధ్యే పండించాయి. 'షల్ వి డాన్స్' (1937)లో ఫ్రెడ్ అస్టేర్, జింజర్ రోజర్స్ స్కేట్ల మీద నర్తించిన న్యూయార్క్ సెంట్రల్ పార్కు ఆర్‌కేఓ స్టూడియో వారి సెట్టు. 'ఇట్స్ ఆల్వేస్ ఫెయిర్ వెదర్' (1955)లో జీన్ కెల్లీ చక్రాల మీద ట్యాప్ డాన్స్ చేసిన వీధి ఎంజీఎం సంస్థ సొంత ఆవరణలోనిది. చక్రాలకు ఏ ఆటంకమూ లేకుండా నేలను తమకు కావలసినట్టు తీర్చిదిద్దుకునే వీలు అప్పట్లో స్టూడియోలకే ఉండేది.

నిజమైన హాళ్ళు: పోర్ట్‌లాండ్, మ్యూనిక్

1972లో వచ్చిన 'కాన్సస్ సిటీ బాంబర్' స్కేటింగ్ సినిమాను అలంకారాల నుంచి చెమట వాసనకు తెచ్చింది. చక్రాల మీద ఒకరినొకరు తోసుకుంటూ సాగే రోలర్ డెర్బీ ఆట దీని నేపథ్యం. రాకెల్ వెల్చ్ నాయిక. పేరులో కాన్సస్ సిటీ ఉన్నా కథ నడిచేది, చాలా భాగం తీసింది ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో. సాధనలో వెల్చ్ మణికట్టు విరగడంతో షూటింగ్ ఆగి మళ్ళీ మొదలైంది.

నార్మన్ జ్యూయిసన్ దర్శకత్వంలో వచ్చిన 'రోలర్‌బాల్' (1975) స్థలాన్ని వాడుకున్న తీరులో ప్రత్యేకమైనది. దేశాలు పోయి కంపెనీలే ప్రపంచాన్ని ఏలే భవిష్యత్తులో, జనం కోపాన్ని తీర్చడానికి కనిపెట్టిన హింసాత్మక క్రీడ రోలర్‌బాల్. దానికి గుండ్రటి, లోపలికి వాలిన ట్రాక్ కావాలి. జర్మనీలోని మ్యూనిక్‌లో 1972 ఒలింపిక్స్ కోసం కట్టిన రూడీ సెడ్ల్‌మేయర్ హాలు చిత్రబృందానికి దొరికింది. అమెరికా, సోవియట్ యూనియన్ మధ్య వివాదాస్పదమైన బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది ఆ హాల్లోనే. సైకిల్ పందాల ట్రాకుల రూపకల్పనలో పేరున్న హెర్బెర్ట్ షూర్మన్ ఆ హాల్లో రోలర్‌బాల్ ట్రాకును తీర్చిదిద్దాడు. కథలో వేర్వేరు నగరాల్లో జరిగే పోటీలకు ఈ ఒక్క హాలే వేదిక అయింది. అప్పుడే పూర్తయిన బీఎండబ్ల్యూ ప్రధాన కార్యాలయం, అంటే నాలుగు గుండ్రటి స్తంభాలు కలిసినట్టుండే భవనమూ దాని పక్కనున్న గిన్నె ఆకారపు మ్యూజియమూ, సినిమాలో కంపెనీల సామ్రాజ్యానికి ముఖమయ్యాయి. వాస్తుశిల్పి కార్ల్ ష్వాంజర్ గీసిన ఆ కట్టడాలు నేటికీ మ్యూనిక్‌లో చూడవచ్చు. సెడ్ల్‌మేయర్ హాలు పేరు మారి, ఆ తరువాత బయర్న్ మ్యూనిక్ బాస్కెట్‌బాల్ జట్టుకు సొంత మైదానమైంది. స్కేటింగ్ సినిమాల పాత స్థలాల్లో ఆటకు ఆటగానే మిగిలిన అరుదైన చోటు ఇది.

1980లో మైకేల్ చిమినో తీసిన 'హెవెన్స్ గేట్' స్కేటింగ్ సినిమా కాదు. అయినా 19వ శతాబ్దపు వలస రైతులు పెద్ద చెక్క హాల్లో సామూహికంగా స్కేటింగ్ చేసే ఘట్టం వల్ల ఈ చరిత్రలో దానికి చోటుంది. చిత్రంలో అధిక భాగాన్ని అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో తీశారు. ఆ ఘట్టంలో సంగీతకారుడు డేవిడ్ మాన్స్‌ఫీల్డ్ స్కేట్ల మీద తిరుగుతూనే వయొలిన్ వాయిస్తాడు. రెండు వందల ఏళ్ళ కిందట మెర్లిన్ చేయబోయి దెబ్బతిన్న సాహసం ఇక్కడ నిండుగా నెరవేరింది.

వెనిస్ తీరం, పాన్ పసిఫిక్ ఆడిటోరియం

1979, 1980 సంవత్సరాల్లో స్కేటింగ్ సినిమాలు వరుసగా వచ్చాయి. డిస్కో సంగీతం, కొత్త చక్రాలు, కాలిఫోర్నియా ఎండ మూడూ ఒకచోట కలిసిన కాలం అది. లాస్ ఏంజెలస్ నగరపు వెనిస్ తీరం దానికి కేంద్రం. 1905లో ఆబట్ కిన్నీ అనే పొగాకు వ్యాపారి ఇటలీలోని వెనిస్‌ను తలచుకుని కాలువలు తవ్వించి కట్టిన విహార స్థలం ఇది. డెబ్బైల నాటికి పాతబడి, అద్దెలు తగ్గి, కళాకారులకూ యువకులకూ నెలవైంది. సముద్రం పక్కనే సాగే సిమెంటు బాట స్కేటర్లకు ఖర్చులేని రింకు. మార్క్ లెస్టర్ తీసిన 'రోలర్ బూగీ' (1979) ఆ బాటనే కథలోకి తెచ్చింది. నాయిక లిండా బ్లేర్. నాయకుడు జిమ్ బ్రే నటుడు కాడు, నిజమైన స్కేటింగ్ విజేత. అదే ఏడు వచ్చిన 'స్కేట్‌టౌన్ యూఎస్ఏ'ను 1940లో ప్రారంభమైన హాలీవుడ్ పల్లాడియం నాట్యశాలలో తీశారు. ప్యాట్రిక్ స్వేజీకి అది మొదటి సినిమా.

ఈ వరుసలో స్థలం పరంగా అన్నిటికన్నా గుర్తుండేది 'జనాడు' (1980). రాబర్ట్ గ్రీన్‌వాల్డ్ దర్శకుడు. ఒలీవియా న్యూటన్-జాన్, మైకేల్ బెక్, జీన్ కెల్లీ ప్రధాన పాత్రధారులు. కళాదేవత ప్రేరణతో ఒక యువ చిత్రకారుడూ ఒక పాత సంగీతకారుడూ కలిసి, మూతపడిన హాలును స్కేటింగ్ నాట్యశాలగా మార్చడం కథ. ఆ మూతపడిన హాలు బెవర్లీ బులెవార్డ్ మీదున్న పాన్ పసిఫిక్ ఆడిటోరియం. వర్డెమన్, బెకెట్ అనే వాస్తుశిల్పుల రూపకల్పనలో 1935లో తెరుచుకుంది. పచ్చటి ముఖభాగం మీద ఓడ ముందు భాగంలా పైకి లేచిన నాలుగు వంపు స్తంభాలు, వాటి మీద జెండా కర్రలు దాని గుర్తు. వేగమే అందంగా భావించిన స్ట్రీమ్‌లైన్ మోడర్న్ శైలికి అది గొప్ప ఉదాహరణ. ఐస్ హాకీ, మంచు మీద నాట్య ప్రదర్శనలు, సర్కస్, ఐజెన్‌హోవర్ ఎన్నికల సభ, ఎల్విస్ ప్రెస్లీ కచేరీ, అన్నీ అక్కడ జరిగాయి. నగరంలో కొత్త కన్వెన్షన్ సెంటర్ వచ్చాక 1972లో మూతపడింది. 1978లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది.

సినిమాలో కనిపించే బయటి రూపం ఆ నిజమైన భవనానిదే. లోపల స్కేటర్లు తిరిగే మెరుపుల నాట్యశాల మాత్రం స్టూడియోలో వేసిన భారీ సెట్టు. సినిమా ఆడలేదు, పాటలు మాత్రం ప్రపంచమంతా మోగాయి. కథలో ఆ భవనం మళ్ళీ తెరుచుకుని వెలుగులతో నిండింది. వాస్తవంలో తలుపులు తెరుచుకోకుండానే 1989 మే 24న మంటల్లో కాలిపోయింది. విచిత్రమేమంటే, ఆ నెల మొదటి తేదీనే ఫ్లోరిడాలో ప్రారంభమైన డిస్నీ-ఎంజీఎం స్టూడియోస్ పార్కు ముఖద్వారాన్ని ఆ నాలుగు స్తంభాల నమూనాలోనే కట్టారు. అసలుది బూడిదయ్యే నాటికే నకలు సందర్శకులను ఆహ్వానిస్తోంది. భవనం ఉన్న చోటు ఇప్పుడు పాన్ పసిఫిక్ పార్కు. అక్కడి వినోద కేంద్రం మీద ఒక స్తంభాన్ని చిన్న పరిమాణంలో మళ్ళీ నిలబెట్టారు. ఆ భవనం చివరి రోజుల రూపాన్ని రంగుల్లో, కదిలే బొమ్మగా చూడాలంటే ఇప్పుడు 'జనాడు' సినిమా ఒక ముఖ్య ఆధారం. కాపాడుకోలేకపోయిన కట్టడానికి లొకేషన్ షూటింగ్ చేయగల మేలు ఇంత పెద్దది.

మూతపడుతున్న రింకులు

తరువాతి దశాబ్దాల్లో దర్శకులు పాత రింకుల జ్ఞాపకాన్ని వెతుక్కుంటూ వెళ్ళారు. 'ఎయిర్‌బోర్న్' (1993) సిన్సినాటి నగరపు ఎత్తుపల్లాల రోడ్ల మీద ఇన్‌లైన్ స్కేట్ల పందేన్ని చూపింది. 'రోల్ బౌన్స్' (2005) 1970 దశకపు షికాగో రింకులను, 'ఏటీఎల్' (2006) అట్లాంటాలోని కాస్కేడ్ రింకు చుట్టూ అల్లుకున్న యువత జీవితాన్ని కథలుగా మలిచాయి. రెండింటిలోనూ నల్లజాతి కుటుంబాలకు రింకు ఎంత ముఖ్యమైన కూడలో కనిపిస్తుంది. డ్రూ బారీమోర్ తొలిసారి దర్శకత్వం వహించిన 'విప్ ఇట్' (2009)లో కథ జరిగేది టెక్సస్‌లో. చిత్రీకరణ ఎక్కువగా మిషిగన్ రాష్ట్రంలో జరిగింది. సినిమా నిర్మాణానికి ఆ రాష్ట్రం అప్పట్లో ఇచ్చిన భారీ పన్ను రాయితీలే దానికి కారణం.

ఈ కథల వెనకున్న చేదు నిజాన్ని 'యునైటెడ్ స్కేట్స్' (2018) అనే డాక్యుమెంటరీ నేరుగా పట్టుకుంది. డయానా వింక్లర్, టీనా బ్రౌన్ అమెరికాలోని రింకుల్లో తిరిగి దీన్ని తీశారు. లాస్ ఏంజెలస్‌లోని 'వరల్డ్ ఆన్ వీల్స్' 2013లో మూతపడిన ఘట్టం అందులో భాగం. భూమి ధర పెరిగితే రింకు పోయి దుకాణాల సముదాయం వస్తుంది. పెద్ద చప్టా నేల, చుట్టూ ఖాళీ స్థలం, పార్కింగ్ ఉండటం స్కేటింగ్‌కు ఎంత అనుకూలమో స్థిరాస్తి వ్యాపారానికీ అంతే అనుకూలం. రింకులు అంతరించడానికి ఇదే ముఖ్య కారణం.

అమెరికాలో రింకులు మూతపడుతుంటే, మరో చోట ఒక హాలు పిల్లలకు తలుపు తెరిచింది. కాబూల్‌లో తీసిన 'లెర్నింగ్ టు స్కేట్‌బోర్డ్ ఇన్ ఎ వార్‌జోన్' అనే లఘు డాక్యుమెంటరీ 2020లో ఆస్కార్ గెలుచుకుంది. స్కేటిస్తాన్ సంస్థ నాలుగు గోడల మధ్య నడిపిన బడిలో ఆడపిల్లలు చదువూ స్కేట్‌బోర్డూ కలిపి నేర్చుకోవడం దాని కథ. వీధిలో ఆడపిల్ల సైకిలు తొక్కడమే తప్పుగా చూసే చోట, కప్పు కింది చెక్క ర్యాంపు వారికి దొరికిన ఏకైక మైదానం.

ముంబయి: 'హవా హవాయి'

భారతదేశంలో స్కేటింగ్ సినిమా అనగానే మొదట చెప్పుకోవలసినది అమోల్ గుప్తే రాసి, దర్శకత్వం వహించిన 'హవా హవాయి' (2014). ఆయన కుమారుడు పార్థో గుప్తే అర్జున్ అనే పిల్లవాడిగా, సాఖిబ్ సలీం శిక్షకుడిగా నటించారు. పత్తి రైతైన తండ్రి పోయాక తల్లితో మహానగరం చేరిన అర్జున్ టీ దుకాణంలో పనికి కుదురుతాడు. సాయంత్రమయ్యేసరికి ఆఫీసుల కార్లు వెళ్ళిపోతాయి, ఖాళీ అయిన పార్కింగ్ స్థలంలోకి మరో రకం కార్లు వస్తాయి. వాటిలోంచి హెల్మెట్లు, మోకాలి తొడుగులు, ఖరీదైన ఇన్‌లైన్ స్కేట్లతో పిల్లలు దిగుతారు. అర్జున్ గ్లాసులు కడుగుతూ వాళ్ళను చూస్తాడు.

ఆ పార్కింగ్ స్థలం ముంబయిలోని బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ లోనిది. మిఠీ నది ఒడ్డున, ఒకప్పుడు చిత్తడి నేలగా ఉన్న ప్రాంతంలో బ్యాంకులూ కంపెనీల కార్యాలయాలూ వెలిసిన చోటు. అవతల ధారావి. రద్దీ నగరంలో విశాలమైన, నున్నటి తారు నేల సాయంత్రాలు ఖాళీగా దొరకడం వల్ల అక్కడ స్కేటింగ్ శిక్షణలు సాగాయి. గుప్తే కథకు ఈ ఏర్పాటే ప్రాణం. రింకు కట్టని నగరం, ఆఫీసు వేళలు అయిపోయాక తన ఖాళీ స్థలాన్ని పిల్లలకు అరువిస్తోంది. ఆ అరువు కూడా స్కేట్లు కొనగలిగిన పిల్లలకే.

అర్జున్ స్నేహితులు కూడా పనిపిల్లలే. చెత్త ఏరేవాడు, జరీ పని చేసేవాడు, మెకానిక్ షెడ్డులో పనివాడు, పూలు అమ్మేవాడు. వాళ్ళు తుక్కులోంచి ఏరిన ముక్కలను తమ తమ చేతిపనితో అతికి, బిగించి, కుట్టి ఒక జత స్కేట్లు తయారుచేసి, దానికి 'హవా హవాయి' అని పేరు పెడతారు. కార్ఖానా పనిలో అరిగిపోతున్న చిన్న చేతుల్లో ఎంత విద్య ఉందో ఆ ఒక్క వస్తువులో తెలిసిపోతుంది. సెట్టు వేసి ఈ కథ తీసి ఉంటే, గాజు అద్దాల ఆఫీసులకూ తుక్కు దుకాణాలకూ మధ్యనున్న దూరం అంత బలంగా తెలిసేది కాదు.

ఖేంపూర్: 'స్కేటర్ గర్ల్'

2021 జూన్ 11న విడుదలైన 'స్కేటర్ గర్ల్' రోలర్ స్కేట్ల గురించి కాదు, దానికి తోబుట్టువైన స్కేట్‌బోర్డ్ గురించి. అయినా చిత్రీకరణ స్థలాల చరిత్రలో దానిది ప్రత్యేక స్థానం. మంజరి మాకిజానీ దర్శకురాలు, సోదరి వినతితో కలిసి ఆమే రచయిత్రి. 'షోలే'లో సాంబాగా ప్రసిద్ధుడైన మాక్ మోహన్ కుమార్తెలు వీరు. 'షోలే'లోని రామ్‌గఢ్ కోసం బెంగళూరు దగ్గరి రామనగర బండల నడుమ ఊరంత సెట్టు వేశారు, పనయ్యాక తీసేశారు. ఆ నటుడి కూతుళ్ళు దీనికి పూర్తి భిన్నమైన దారి ఎంచుకున్నారు.

రాజస్థాన్‌లో ఉదయపూర్‌కు సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని ఖేంపూర్ గ్రామం వారి లొకేషన్. ప్రేరణ అనే పల్లెపిల్లగా రేచల్ సంచితా గుప్తా, లండన్ నుంచి తండ్రి ఊరు వెతుక్కుంటూ వచ్చిన జెస్సికాగా ఏమీ మఘేరా నటించారు. కథలో ఊరి పిల్లలకు స్కేట్‌పార్కు కట్టాలి. దాన్ని నిజంగానే కట్టేశారు. దాదాపు 14,500 చదరపు అడుగుల కాంక్రీటు పార్కు 45 రోజుల్లో పూర్తయింది. రాజస్థాన్‌కు అదే మొదటి స్కేట్‌పార్కు. 'డెజర్ట్ డాల్ఫిన్' అని పేరు పెట్టారు.

స్కేట్‌పార్కు కట్టడం ఇంటి మేడకు స్లాబు పోసినంత తేలిక కాదు. నేల ఒక చోట చప్టాగా ఉండి, మరో చోట గోడలా పైకి వంపు తిరగాలి. ఇంకో చోట గిన్నెలా లోతుకు దిగాలి. ముందు మట్టిని ఆ వంపులోకి దట్టించి, ఇనుప కడ్డీలు వంచి కట్టి, కాంక్రీటు వేసి, అది గట్టిపడేలోగా తాపీతో ఒకే నునుపు వచ్చేదాకా చేత్తో రుద్దాలి. వంపులో గోరంత ఎగుడుదిగుడు మిగిలినా చక్రం పసిగడుతుంది. ఆ తరువాత నీళ్ళు పెట్టి మగ్గనివ్వాలి. ఎండ మండే రాజస్థాన్‌లో ఈ పని మరీ కష్టం.

షూటింగ్ ముగిశాక పార్కును కూల్చలేదు. ఊరి పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, అది ఆటస్థలంగా మిగిలింది. పార్కుకు భూమి ఇచ్చే మహారాణి పాత్రలో కనిపించేది వహీదా రెహ్మాన్. చెంగల్పట్టులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగి, తాపీ చాణక్య దర్శకత్వం వహించిన 'రోజులు మారాయి' (1955)లో ఏరువాక పాటకు నర్తించి వెండితెరకు పరిచయమైన ఆమె, ఆరున్నర దశాబ్దాల తరువాత ఒక పల్లెపిల్ల కలకు నేలనిచ్చే పాత్ర ధరించడం తెలుగు ప్రేక్షకులకు ప్రత్యేకంగా ఆనందం కలిగించే సంగతి.

ఈ కథకు ముందే మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో జర్మనీకి చెందిన ఉల్రికే రైన్‌హార్ట్ 2015లో స్కేట్‌పార్కు నెలకొల్పారు. బడికి వెళ్ళకపోతే స్కేట్‌బోర్డు లేదు, ముందు అవకాశం ఆడపిల్లలకు అన్నవి అక్కడి నియమాలు. ఆ పార్కులో నేర్చుకున్న ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో భారతదేశం తరఫున పాల్గొంది. సినిమాకు తన పనే ఆధారమని రైన్‌హార్ట్, ఇది ఏ ఒక్కరి జీవితకథా కాదని మాకిజానీ చెప్పారు.

తెలుగు, తమిళ ప్రాంతాల స్కేటింగ్ నేలలు

మన దేశంలో రింకుల చరిత్ర బ్రిటిష్ వారి వేసవి విడుదులతో మొదలైంది. ముస్సోరీలో 19వ శతాబ్దపు చివర కట్టిన చెక్క నేల రింకు ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. అది 2024లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. దక్షిణాదిలో హైదరాబాద్ ఇందిరా పార్కు, విశాఖ సముద్రతీరంలోని వుడా పార్కు రింకులు తరతరాల పిల్లలకు తొలి అడుగులు నేర్పాయి. హైదరాబాద్ స్కేటర్ అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు సాధించాడు. ఒకటి వ్యక్తిగత విభాగంలో, ఒకటి అవని పంచాల్‌తో జంటగా. 2015లో అర్జున పురస్కారం అందుకున్నాడు. తమిళనాడుకు చెందిన ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 3,000 మీటర్ల రిలేలో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు. 2025లో చైనాలో జరిగిన ప్రపంచ స్పీడ్ స్కేటింగ్ పోటీల్లో 1,000 మీటర్ల స్వర్ణం గెలిచి, ఈ క్రీడలో ప్రపంచ విజేత అయిన తొలి భారతీయుడయ్యాడు. సినిమాకు కావలసిన నిజమైన కథలు మన రెండు భాషల నేలల మీదే ఉన్నాయి.

తమిళనాడులోని రాయవేలూరు (వేలూరు), గుడియాత్తం ప్రాంతాన్ని ఈ కోణంలో చూడటం ప్రయోజనకరం. పాలారు పరీవాహకంలో, చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ ఊళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. విజయనగర కాలంలో నాయకులు కట్టిన వేలూరు కోట, దాని చుట్టూ నీటి కందకం, లోపల జలకంఠేశ్వరాలయం ఏ కెమెరానైనా ఆకర్షిస్తాయి. అయితే కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. షూటింగ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. పైగా రాతి పలకల మధ్య సందులు, పరుచుకున్న ఇసుక చక్రానికి శత్రువులు. అక్కడ కోటను నేపథ్యంగా ఉంచుకుని, స్కేటింగ్‌కు వేరే నేల సిద్ధం చేసుకోవడమే సరైన పద్ధతి. గుడియాత్తం చేనేత లుంగీలకు, అగ్గిపెట్టెల పరిశ్రమకు పేరుపొందిన ఊరు. బీడీ, అగ్గిపెట్టెల పనుల్లో పిల్లల శ్రమ మీద ఈ జిల్లాలో చాలా ఏళ్ళు చర్చ, ఉద్యమం సాగాయి. 'హవా హవాయి'లోని పనిపిల్లల లోకం ఇక్కడి వారికి పరాయిది కాదు. ఇలాంటి పట్టణాల్లో స్కేట్లు కొన్న పిల్లలకు బడి ఆవరణలోని సిమెంటు నేల, తెల్లవారుజామున ఖాళీగా ఉండే రోడ్డు తప్ప వేరే దిక్కు తక్కువ. రోడ్డు మీద స్కేటింగ్ ప్రాణాపాయం కూడా.

స్థలాల ప్రాధాన్యం

వందేళ్ళ పైబడిన ఈ చరిత్రలో మూడు పద్ధతులు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది స్టూడియోలో నేల వేసుకుని, పనయ్యాక తీసేయడం. చాప్లిన్, అస్టేర్, కెల్లీ చిత్రాలు ఈ కోవకు చెందుతాయి. రెండోది ఉన్న హాలునూ వీధినీ వాడుకుని వెళ్ళిపోవడం. మ్యూనిక్ హాలు నిలిచింది, పాన్ పసిఫిక్ పోయింది, బాంద్రా-కుర్లా పార్కింగ్ మళ్ళీ కార్లదే అయింది. మూడోది నిజమైన నేల కట్టి అక్కడివారికి వదిలేయడం. ఖేంపూర్ దానికి నిదర్శనం.

హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీ లాంటి చోట ఎంత పెద్ద సెట్టయినా వేయగల శక్తి తెలుగు పరిశ్రమకు ఉంది. ఒక్క పాట కోసం కోట్లు పెట్టి కట్టిన సెట్టును వారంలో పడగొట్టడం ఇక్కడ మామూలే. రేపు ఒక తెలుగు లేదా తమిళ దర్శకుడు స్కేటింగ్ కథ ఎత్తుకుంటే, ఆ నేలను సెట్టుగా వేయకుండా వేలూరులోనో, గుడియాత్తంలోనో, చిత్తూరులోనో పురపాలక సంఘంతో కలిసి శాశ్వతమైన రింకుగా కట్టడం సాధ్యమే. కాంక్రీటుకు అయ్యే ఖర్చు రెండు సందర్భాల్లోనూ ఉంటుంది. రెండో సందర్భంలో సినిమా విడుదలయ్యాక కూడా ఆ ఖర్చు రోజూ సాయంత్రం ఫలితమిస్తుంది. ప్రపంచ విజేతను కన్న రాష్ట్రంలో, ఆసియా పతక విజేతను కన్న భాషలో, చిన్న పట్టణాల పిల్లలకు ఒక నున్నటి నేల ఇవ్వడం సినిమా చేయగల మంచి పనుల్లో ఒకటి. ఒక పల్లెలో అది జరిగింది కనుక, మన పట్టణాల్లోనూ జరగాలని అడిగే హక్కు మనకుంది.